బడి సారు చట్టసభకు వెళ్తే ఎవరి మాట వినిపిస్తుంది?

పోలింగుకు ముందురోజు పంపిణీ కేంద్రంలో సామగ్రి లెక్క చూసుకుని, అద్దె బస్సులో ఊరికి చేరి, తరగతి గదిలో బల్లలు ఓ పక్కకు జరిపి, ఓటింగ్ యంత్రం పక్కనే దుప్పటి పరుచుకుని సగం మెలకువగా రాత్రి గడిపేది ఎక్కువగా ఉపాధ్యాయులే. ఓటరు జాబితా పట్టుకుని గడపగడపకూ తిరిగే బూత్ స్థాయి అధికారుల్లోనూ, జనాభా లెక్కలు రాసేవారిలోనూ వారే కనిపిస్తారు. 2014 ఆగస్టు 19న తెలంగాణ అంతటా ఒక్క రోజులో జరిగిన సమగ్ర కుటుంబ సర్వే కోసం ఇల్లిల్లూ తిరిగినవారిలో వారు ఎందరో. 2024 నవంబరులో కులగణన సర్వే మొదలైనప్పుడు ప్రాథమిక పాఠశాలల ఉపాధ్యాయులను పెద్ద సంఖ్యలో ఆ పనికి పంపారు. పొద్దున బడి, మధ్యాహ్నం నుంచి సర్వే.

ఏ ఇంట్లో ఎందరున్నారో, ఎవరు ముంబయికి వలస పోయారో, ఏ తండాలో ఏ పిల్ల బడి మానేసి పత్తి చేనుకు పోతోందో ఇంత దగ్గరగా తెలిసిన మరో ఉద్యోగి పల్లెలో అరుదు. రాజకీయ నాయకుడు ఏళ్ల తరబడి తిరిగి సంపాదించుకునే ఎరుక సారుకు ఉద్యోగంతోపాటే వస్తుంది. అలాంటి మనిషి చట్టసభలో కూర్చుంటే పల్లె బడికి గొంతు దొరుకుతుందని ఎవరైనా ఆశపడతారు. ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల అనుభవం ఆ ఆశను కొంతే నిలబెట్టింది. సారు ఏ దారిన సభకు వెళ్లాడన్నదే, అక్కడికి వెళ్లాక ఎవరి తరఫున మాట్లాడతాడన్నది చాలావరకు తేల్చేస్తుంది. ఆ దారులను సరిగా చూడకుండా మనుషుల మంచిచెడ్డలు మాత్రమే చర్చిస్తే అసలు సంగతి మరుగున పడుతుంది.

ఈ ప్రాంతంలో చదువు చెప్పడమే రాజకీయమైన కాలం ఒకటుంది. నిజాం పాలనలో తెలుగు బడి పెట్టాలంటే సర్కారు అనుమతి కావాలి, సభ జరపాలన్నా అనుమతి కావాలి. 1930లో జోగిపేటలో తొలి ఆంధ్ర మహాసభకు సురవరం ప్రతాపరెడ్డి, మరుసటి ఏడాది దేవరకొండలో జరిగిన రెండో సభకు బూర్గుల రామకృష్ణారావు అధ్యక్షత వహించారు. ఇద్దరూ పాలమూరు బిడ్డలే. తల్లిభాషలో ప్రాథమిక విద్య కావాలన్నది ఆ సభల ప్రధాన కోరికల్లో ఒకటి. 1952లో హైదరాబాద్ రాష్ట్ర శాసనసభకు తొలి ఎన్నికలు జరిగినప్పుడు సురవరం వనపర్తి నుంచి, బూర్గుల షాద్‌నగర్ నుంచి గెలిచారు. బూర్గుల ముఖ్యమంత్రి అయ్యారు. ఒకరు పత్రికా సంపాదకుడు, మరొకరు న్యాయవాది. వృత్తిరీత్యా ఉపాధ్యాయులు కాకపోయినా బడి కోసం అడిగి అడిగి సభ దాకా వచ్చినవారు.

అసలు పాఠం చెప్పిన మనిషి కావాలంటే నల్లగొండ వైపు చూడాలి. హైదరాబాద్ సిటీ కాలేజీలో పాఠాలు చెప్పి, ఆ కొలువు వదిలి కార్మిక ఉద్యమంలోకి వెళ్లిన ఉర్దూ కవి మఖ్దూం మొహియుద్దీన్ 1952లో హుజూర్‌నగర్ ఉపఎన్నికలో గెలిచి శాసనసభలో అడుగుపెట్టారు. తర్వాతి కాలంలో శాసన మండలిలోనూ పనిచేశారు. నగరంలో పుట్టకపోయినా నగరపు కవిగా పేరుపొందిన ఉర్దూ మనిషిని, సాయుధ పోరాటం చల్లారీ చల్లారని తెలుగు పల్లెలు తమ ప్రతినిధిగా పంపాయి. ఆయన చదువు చెప్పిన సంగతి ఆ ఓటర్లలో ఎందరికి తెలుసో కానీ, చదువుకున్నవాడు మన పక్కన నిలబడ్డాడన్న నమ్మకం మాత్రం ఆ ఓటులో ఉంది. ఈ ప్రాంతంలో సారుకు ఇప్పటికీ దక్కే గౌరవానికి వేళ్లు అక్కడిదాకా ఉన్నాయి.

ఇక నేటి సంగతి. సర్కారు బడి ఉపాధ్యాయుడు కొలువులో ఉంటూ ఎన్నికల్లో నిలబడటానికి వీల్లేదు. రాజ్యాంగం 191వ అధికరణ ప్రకారం ప్రభుత్వం కింద లాభదాయక పదవిలో ఉన్నవారు శాసనసభకైనా, మండలికైనా అనర్హులు. ప్రవర్తనా నియమావళి ఇంకో అడుగు ముందుకేసి పార్టీ సభ్యత్వాన్నీ, ప్రచారాన్నీ నిషేధిస్తుంది. కాబట్టి పోటీ చేయాలంటే కొలువు వదలాలి. వదలడంలోనే ఉంది అసలు చిక్కు. రాజీనామా చేస్తే పింఛను నిబంధనల కింద అప్పటిదాకా చేసిన సర్వీసు మొత్తం పోతుంది. స్వచ్ఛంద పదవీ విరమణ తీసుకుంటే పింఛను దక్కుతుంది, కానీ దానికి 20 ఏళ్ల సర్వీసు నిండాలి. పాతికేళ్ల వయసులో డీఎస్సీ (ఉపాధ్యాయ నియామక పరీక్ష) గెలిచి కొలువులో చేరిన మనిషికి ఆ అర్హత నలభై అయిదో ఏట వస్తుంది. అంతకు ముందే దూకినవాడు ఓడిపోతే కొలువు తిరిగి రాదు. ఇంటి అప్పు, పిల్లల ఫీజులు, ముసలి తల్లిదండ్రుల మందులు అన్నీ నెల జీతం మీదే నిలబడిన ఇంట్లో ఆ రాజీనామా కాగితం మీద సంతకం పెట్టడం ఎంత బరువైన పనో, అలాంటి ఇంట్లో పెరిగినవారికే తెలుస్తుంది. 2004 సెప్టెంబరు 1 తర్వాత చేరినవారికి పాత పింఛనే లేదు కనుక వారి లెక్క వేరు, అయినా జీతం పోతుందన్న భయం అదే.

ఈ ఒక్క నిబంధన వల్ల ఉపాధ్యాయ నాయకుల్లో ఎవరు పోటీకి మిగులుతారో తెలిసిపోతోంది: పదవీ విరమణ చేసినవారు, దానికి దగ్గరపడినవారు, వెనుక ఆస్తి ఉన్నవారు, ప్రైవేటు విద్యాసంస్థల నుంచి వచ్చేవారు. ముప్పై అయిదేళ్ల వయసులో, బడి సమస్యలు ఒంట్లో ఇంకా మండుతున్నప్పుడు రాగలిగేవారు చాలా తక్కువ.

సభకు దారులు రెండు. మొదటిది నేరుగా శాసనసభకు, అంటే ఎమ్మెల్యేగా. ఉమ్మడి నల్లగొండలో 12, ఉమ్మడి మహబూబ్‌నగర్‌లో 14, మొత్తం 26 నియోజకవర్గాలు. వాటిలో నకిరేకల్, తుంగతుర్తి, అచ్చంపేట, అలంపూర్ ఎస్సీలకు, దేవరకొండ ఎస్టీలకు కేటాయించారు. ఉపాధ్యాయ వృత్తి నుంచి శాసనసభ వైపు చూసేవారికి ఈ అయిదు చోట్లే కాస్త ఎక్కువ అవకాశం. కారణం తేలికగానే కనిపిస్తుంది. దళిత వాడల్లో, లంబాడా తండాల్లో మొదటి తరం చదువరులకు అందిన తొలి గౌరవప్రదమైన కొలువు బడి కొలువే. భూమి, కాంట్రాక్టు, రైసు మిల్లు ఉన్న కుటుంబాల నుంచి జనరల్ స్థానాల్లో నాయకులు పుడితే, ఈ స్థానాల్లో చదువు, ఉద్యోగం, విద్యార్థి ఉద్యమం నాయకులను తయారుచేస్తాయి. 2011 సెప్టెంబరు 13న మొదలై 42 రోజులు సాగిన సకల జనుల సమ్మెలో ఉపాధ్యాయులు బడులు వదిలి రోడ్లెక్కారు. మైకు ముందు మాట్లాడటం, వేలమందిని నడిపించడం అప్పుడే ఎందరికో అలవాటైంది. రాష్ట్రం వచ్చాక ఉద్యోగ సంఘాల నుంచి పార్టీల్లోకి వెళ్లినవారి సంఖ్య పెరగడానికి అదో కారణం. ఉద్యోగ సంఘం నేత స్వామిగౌడ్ తెలంగాణ శాసన మండలి తొలి ఛైర్మన్ అయింది కూడా ఆ ఊపులోనే.

అయితే ఈ దారిన సభకు వెళ్లిన సారు అక్కడ సారుగా మిగలడు. ఎమ్మెల్యే ఇంటి ముందు పొద్దున్నే కూర్చునే జనం అడిగేవి ట్రాన్స్‌ఫార్మర్, సీసీ రోడ్డు, ఆసరా పింఛను, ఆసుపత్రి ఖర్చుకు ముఖ్యమంత్రి సహాయ నిధి. పాలమూరులోనైతే అన్నిటికంటే ముందు నీళ్లు. కృష్ణ పక్కనే పారుతున్నా చేలు ఎండిన జిల్లాలో ఎత్తిపోతల పథకం ఎప్పుడు పూర్తవుతుందన్న ప్రశ్న ముందు బడిలో గణితం టీచర్ లేడన్న ఫిర్యాదు చిన్నదైపోతుంది. ఓటర్లను తప్పుపట్టే వీలు కూడా లేదు. నీళ్లు లేక తల్లిదండ్రులు వలస పోతే పిల్లాడు బడికెలా వస్తాడు? ఆ మాజీ సారు నీళ్ల కోసం కొట్లాడితే ఒక విధంగా బడి కోసం కొట్లాడినట్టే. కానీ బడిలో పనిచేసినవారికి మాత్రమే తెలిసిన కొన్ని సంగతులున్నాయి. అయిదు తరగతులకు ఒక్క ఉపాధ్యాయుడు ఉన్నప్పుడు రోజు ఎలా గడుస్తుందో, ఆ ఒక్కరూ మండల కేంద్రంలో సమావేశానికి వెళ్తే ఏమవుతుందో, అవి చెప్పే మనిషి సభలో ఉండి కూడా లేనట్టవుతుంది. పైగా నియోజకవర్గంలోని ఉపాధ్యాయులు ఆయన దగ్గరికి వచ్చేది బదిలీ సిఫారసు కోసమే. రోడ్డు మీదున్న బడికి వేయించమని అడిగే ప్రతి కాగితం వెనుకా, లోపలి తండాలో ఖాళీ అయ్యే ఒక కుర్చీ ఉంటుంది.

రెండో దారి శాసన మండలిది. ఇది ఉపాధ్యాయుల కోసమే వేసిన దారి. రాజ్యాంగం 171వ అధికరణ మండలి సభ్యుల్లో పన్నెండో వంతును ఉపాధ్యాయులు ఎన్నుకోవాలంటుంది. మండలి బలం శాసనసభ బలంలో మూడో వంతు మించకూడదు, 40కి తగ్గకూడదు. 119 మంది ఉన్న తెలంగాణ సభకు సరిగ్గా 40 వచ్చింది. అందులో ఉపాధ్యాయ స్థానాలు మూడు. వరంగల్–ఖమ్మం–నల్లగొండ ఒకటి, మహబూబ్‌నగర్–రంగారెడ్డి–హైదరాబాద్ మరొకటి. మూడోది ఉత్తర తెలంగాణది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1958లో ఏర్పడిన మండలిని 1985లో ఎన్టీఆర్ ప్రభుత్వం రద్దు చేయించింది. 2007లో మళ్లీ వచ్చింది. మధ్యలో ఇరవై రెండేళ్లు ఈ దారే లేదు.

పేరుకు ఉపాధ్యాయ స్థానమే అయినా అభ్యర్థి ఉపాధ్యాయుడై ఉండాలన్న నియమం లేదు. పట్టభద్రుల స్థానంలో నిలబడే వ్యక్తికి పట్టా అక్కర్లేదని 1972లోనే సుప్రీంకోర్టు తేల్చింది, అదే తర్కం ఇక్కడా వర్తిస్తుంది. ముప్పై ఏళ్లు నిండి, ఓటరై ఉంటే చాలు. నిబంధన ఓటరుకే. అదీ విచిత్రమైన నిబంధన. మాధ్యమిక పాఠశాల స్థాయికి తగ్గని విద్యాసంస్థలో, గడిచిన ఆరేళ్లలో కనీసం మూడేళ్లు బోధించినవారికే ఓటు. అంటే ఉన్నత పాఠశాల స్కూల్ అసిస్టెంట్‌కు ఉంది, జూనియర్ కళాశాల అధ్యాపకుడికి ఉంది, ఇంజనీరింగ్ కళాశాలలో పాఠం చెప్పేవారికీ ఉంది. ఊరి ప్రాథమిక పాఠశాలలో అ ఆ లు దిద్దించే సెకండరీ గ్రేడ్ టీచర్‌ (ఎస్‌జీటీ)కు మాత్రం లేదు.

ఈ సంగతి మీద కాస్త ఆగాలి. అక్షరం మొదలయ్యేది ఎక్కడో అక్కడి ఉపాధ్యాయురాలికి ఉపాధ్యాయుల సభ్యుణ్ని ఎన్నుకునే హక్కు లేదు. మహబూబ్‌నగర్ జిల్లా 2011 జనగణనలో 55.04 శాతం అక్షరాస్యతతో అప్పటి ఉమ్మడి రాష్ట్రంలోనే అట్టడుగున నిలిచింది. నల్లగొండది 64.20 శాతం. ఇలాంటి చోట అసలు పోరు జరిగేది ఒకటో తరగతిలో, గద్వాల వైపు గట్టు మండలంలోనో, నల్లమలలో అమ్రాబాద్ చెంచు పెంటల్లోనో ఉన్న చిన్న బడుల్లో. ఆ పోరు చేస్తున్నవారి ఓటు అవసరం లేని సభ్యుడికి ఆ పోరు ఎంత గుర్తుంటుంది? రాజ్యాంగం రాసినవారి మనసులో చదువుకున్నవారంటే ఉన్నత పాఠశాల వరకు వెళ్లినవారే కావచ్చు, ఆనాటి ప్రాథమిక బడి పంతులు చదువు అంతంతమాత్రమే కావచ్చు. ఇప్పుడు డీఎస్సీలో ఎస్‌జీటీ కొలువుకు పోటీపడేవారిలో డిగ్రీలు, పీజీలు ఉన్నవారు నిండిపోయారు. నిబంధన మాత్రం అక్కడే ఆగింది.

ఓటు ఉన్నవారికైనా అది చేతికి రావడం తేలిక కాదు. ప్రతి ఎన్నికకూ జాబితా కొత్తగా తయారవుతుంది. నవంబరు 1 నాటికి అర్హత చూస్తారు, 19వ నమూనా దరఖాస్తు నింపాలి, విద్యాసంస్థ అధిపతి నుంచి బోధన ధ్రువపత్రం తేవాలి. సర్కారు బడిలో సంఘం కార్యకర్త దరఖాస్తులు తెచ్చి, నింపించి, తీసుకెళ్లి ఇస్తాడు. మండల కేంద్రంలోని చిన్న ప్రైవేటు పాఠశాలలో నెలకు పది పన్నెండు వేలకు పనిచేసే టీచరమ్మ సంగతి వేరు. నియామక పత్రమే లేని చోట మూడేళ్లు పనిచేసినట్టు కాగితం ఎవరిస్తారు? ఆమె కూడా రాజ్యాంగం చెప్పిన ఉపాధ్యాయురాలే. జాబితాలో కనిపించదు.

కనుక జాబితా చిన్నది. 2025లో వరంగల్–ఖమ్మం–నల్లగొండ స్థానంలో ఓటర్లు దాదాపు 25 వేలు. నియోజకవర్గం మాత్రం మహా పెద్దది: పాత జిల్లాలు మూడు, కొత్త జిల్లాలు పన్నెండు, అసెంబ్లీ నియోజకవర్గాలు 34. దక్షిణాన కృష్ణ ఒడ్డు నుంచి ఉత్తరాన ఛత్తీస్‌గఢ్ సరిహద్దులోని చర్ల దాకా. రెండు లక్షలకు పైగా ఓటర్లున్న ఎమ్మెల్యే ఒక పట్టణం, నాలుగైదు మండలాలు తిరిగితే సరిపోతుంది. పాతిక వేల ఓటర్ల ఎమ్మెల్సీ రాష్ట్రంలో నాలుగో వంతు కంటే ఎక్కువ భూభాగం తిరగాలి. సొంత జీపు, సొంత డబ్బు, లేదా ప్రతి మండలంలో శాఖ ఉన్న సంఘం, వీటిలో ఏదో ఒకటి లేనివాడు ఈ పోటీలో నిలబడలేడు. అలా ఈ స్థానం ఉపాధ్యాయుడి చేతిలోంచి ఉపాధ్యాయ సంఘం చేతిలోకి పోయింది.

ప్రచారం ఎలా జరుగుతుందో ఒక ఉన్నత పాఠశాల స్టాఫ్‌రూములో చూస్తే తెలుస్తుంది. మధ్యాహ్న భోజన విరామం. వరండాలో పిల్లలు పళ్లాలు కడుక్కుంటుంటారు. లోపల పొడవాటి బల్ల చుట్టూ డబ్బాలు విప్పి పదిమంది తింటుంటారు. నలుగురు మనుషులు కరపత్రాలతో వస్తారు, చెప్పులు గుమ్మం దగ్గరే వదులుతారు. వచ్చినవారిలో ఒకరు ఆ బడిలోనే పదేళ్ల కిందట పనిచేసిన పెద్దసారు. ‘‘తినండి తినండి, లేవకండి’’ అంటూ కూర్చుంటారు. ఆ బల్ల దగ్గరున్నవారిలో ముగ్గురు ఎదుటి సంఘం వారని ఆయనకు తెలుసు. వాళ్లతో వాదించరు. ‘‘మొదటి ఓటు మీ సంఘానికే వేసుకోండి సారూ, కాదనం. రెండోది మాత్రం మాకే వేయాలి’’ అని చేతులు పట్టుకుని అడుగుతారు. తెలుగు నేల మీద మండలి ఎన్నికల్లో తప్ప ఇలాంటి అభ్యర్థన వినిపించదు.

దానికి కారణం లెక్కింపు పద్ధతి. ఇక్కడ ఓటింగ్ యంత్రం లేదు. ఎన్నికల సంఘం ఇచ్చిన ఊదారంగు స్కెచ్ పెన్నుతో బ్యాలెట్ కాగితం మీద 1, 2, 3 అని ప్రాధాన్య అంకెలు రాయాలి. చెల్లిన ఓట్లలో సగానికి ఒకటి కలిపితే వచ్చేది గెలుపు కోటా. 24 వేల ఓట్లు చెల్లితే 12,001 రావాలి. మొదటి ప్రాధాన్యంతోనే అంత తెచ్చుకోవడం అరుదు. అప్పుడు అందరికంటే తక్కువ వచ్చిన అభ్యర్థిని తప్పించి, ఆయన కట్టలు విప్పి, ప్రతి కాగితంలో తర్వాతి అంకె ఎవరికుందో చూసి పంచుతారు. ఇలా ఒక్కొక్కరినీ తప్పిస్తూ పోతారు. పట్టభద్రుల స్థానానికి 2021లో 71 మంది నిలబడినప్పుడు నల్లగొండలో లెక్కింపు నాలుగు రోజులు సాగింది. ఉపాధ్యాయ స్థానంలో అంత జాగారం అక్కర్లేదు, కానీ రెండో ప్రాధాన్యం లేకుండా గెలవడం ఇక్కడా కష్టమే. మరో సంగతి బాధ కలిగిస్తుంది. అంకె తప్పు రాసో, రెండు చోట్ల 1 వేసో, సంతకం పెట్టో చెల్లకుండా పోయే ఓట్లు ఇక్కడా వందల్లో ఉంటాయి. ఊరి జనానికి ఓటు వేయడం నేర్పేవారి ఓట్లు అవి.

2007 నుంచి వరంగల్–ఖమ్మం–నల్లగొండ స్థానంలో గెలిచినవారు నలుగురు. 2007లో చుక్కా రామయ్య, 2013లో పీఆర్‌టీయూ అనే ఉపాధ్యాయ సంఘం నుంచి పూల రవీందర్, 2019లో మరో సంఘం యూటీఎఫ్ నేత అలుగుబెల్లి నర్సిరెడ్డి, 2025 మార్చిలో పీఆర్‌టీయూ నుంచి పింగిలి శ్రీపాల్‌రెడ్డి. ఈ వరుసలో రామయ్యది ప్రత్యేకమైన చోటు. ఇప్పటి జనగామ జిల్లా గూడూరులో 1925లో పుట్టి, నిజాం వ్యతిరేక పోరాటంలో నడిచి, ఉపాధ్యాయుడిగా, ప్రధానోపాధ్యాయుడిగా పనిచేసి, ఆ తర్వాత ఐఐటీ శిక్షణతో రాష్ట్రమంతా తెలిసిన మనిషి. సభలోకి వెళ్లేనాటికే ఆయనకు సంఘం ఇచ్చిన గుర్తింపు అవసరం లేదు. అందుకే సర్వీసు సమస్యలు దాటి బడి ఎలా ఉండాలి, పాఠం ఎలా ఉండాలి అన్నవి మాట్లాడగలిగారు. అది ఆయన వ్యక్తిత్వం వల్ల వచ్చిన స్వేచ్ఛ, స్థానం ఇచ్చిన స్వేచ్ఛ అనుకుంటే పొరపాటు.

తర్వాతి కథ చూస్తే అది స్పష్టమవుతుంది. నాలుగు ఎన్నికలు, నలుగురు సభ్యులు, ఒక్కరికీ రెండో విడత దక్కలేదు. రవీందర్ అధికార పక్షం వైపు నిలిచారు, 2019లో ఓడారు. నర్సిరెడ్డి ప్రభుత్వాన్ని ప్రశ్నించే వైపు నిలిచారు, 2025లో ఓడారు. ఒకరు దగ్గరగా ఉండి సాధించాలనుకున్నారు, ఇంకొకరు ఎదురునిలిచి సాధించాలనుకున్నారు. ఓటరు ఇద్దరినీ మార్చాడు. ఎందుకంటే ఓటరు చేతిలో ఉన్న పట్టికలో పీఆర్సీ (వేతన సవరణ), సీపీఎస్ (కొత్త పింఛను పథకం) రద్దు, పదోన్నతులు, బదిలీలు, ఉద్యోగులను కొత్త జిల్లాలకు కేటాయించిన 2021 డిసెంబరు నాటి 317 జీవో వల్ల చెల్లాచెదురైన కుటుంబాలు ఉన్నాయి. భార్య ఒక జిల్లాలో, భర్త ఇంకో జిల్లాలో పడిన జంటలకు అది ఇప్పటికీ మానని పుండు. ఒకప్పుడు నెలకు 398 రూపాయలకు ప్రత్యేక ఉపాధ్యాయులుగా చేరినవారి నోషనల్ (లెక్కకు మాత్రమే కలిపే) ఇంక్రిమెంట్ల గోడు కూడా ఆ పట్టికలో ఉండేది. ఇవన్నీ న్యాయమైన కోరికలే. కానీ వీటిలో ఏ ఒక్కటీ మండలి తీర్చలేదు. 2015లో 43 శాతం, 2021లో 30 శాతం ఫిట్‌మెంట్ (జీతం పెంపు) వచ్చాయంటే నిర్ణయం ముఖ్యమంత్రి బల్ల మీద జరిగింది. ద్రవ్య బిల్లును మండలి పద్నాలుగు రోజులకు మించి ఆపలేదు. మామూలు బిల్లునూ మొదట మూడు నెలలు, రెండోసారి ఒక నెల ఆలస్యం చేయడం తప్ప అడ్డుకోలేదు. సభ్యుడి చేతిలో ఉన్నది ప్రశ్న అడిగే హక్కు, మైకు, మంత్రి గదిలోకి వెళ్లే వీలు. వాటితో సాధించగలిగేది నిజానికి తక్కువేమీ కాదు, అయితే సంఘం కరపత్రంలో ఇచ్చిన హామీల కొలతతో చూస్తే ఎప్పుడూ చిన్నదిగానే కనిపిస్తుంది.

ఇందులో ఇంకో నష్టం ఉంది. సర్వీసు సమస్యల పట్టికే గెలుపోటములు తేలుస్తున్నప్పుడు, పట్టికలో లేనివి సభలో వినిపించవు. పిల్లలు లేక మూతపడే బడి, అయిదో తరగతికొచ్చినా కూడికలు రాని పిల్లాడు, కందనూలు (నాగర్‌కర్నూల్) నుంచి తల్లిదండ్రులు వలస పోయినప్పుడు తాత దగ్గర వదిలేసిన పిల్ల. వీటి గురించి ఓటర్లలో ఎవరూ సభ్యుణ్ని నిలదీయరు. తల్లిదండ్రులకు ఈ ఎన్నికలో ఓటు లేదు, పిల్లలకు ఏ ఎన్నికలోనూ లేదు. సంఘాల్లో ఈ బాధ పడేవారు ఎందరో ఉన్నారు. పిల్లలను బడిలో చేర్పించే బడిబాట రోజుల్లో ఎండలో తండాల వెంట తిరిగేవారు, సొంత జీతంతో విద్యావాలంటీర్‌ను పెట్టుకునేవారు. వారి పట్టుదల సంఘం మహాసభల్లో తీర్మానంగా మారుతుంది. ఎన్నికల కరపత్రంలోకి వచ్చేసరికి చివరి పేజీకి జారుతుంది.

మహబూబ్‌నగర్ వైపు పరిస్థితి ఇంకా కష్టం. ఆ స్థానం కింద 43 అసెంబ్లీ నియోజకవర్గాలున్నాయి, వాటిలో పాలమూరువి 14 మాత్రమే. 2023లో ఓటర్లు 30 వేలకు దగ్గర. నగరంలోని, నగర శివారులోని కళాశాలల్లో, కార్పొరేట్ విద్యాసంస్థల్లో పనిచేసేవారి ఓట్లు ఈ జాబితాకు బరువు. ఆ ఏడాది మార్చిలో బీజేపీ బలపరిచిన ఏవీఎన్ రెడ్డి గెలిచినప్పుడు పార్టీలు నేరుగా ఈ స్థానాల్లోకి దిగుతున్న సంగతి అందరికీ కనబడింది. కొల్లాపూర్ నుంచో మక్తల్ నుంచో వచ్చిన ఉపాధ్యాయుడు ఈ స్థానంలో గెలవాలంటే ముందు దిల్‌సుఖ్‌నగర్‌లో గెలవాలి. అక్కడి ఓటరు అడిగే ప్రశ్నలు, కొల్లాపూర్ బడి అడిగే ప్రశ్నలు ఒకటి కావు.

ఎవరు ఈ దారిలో అసలు కనిపించరో కూడా చెప్పుకోవాలి. మండలికి ఎస్సీ, ఎస్టీ రిజర్వేషన్ లేదు. రాజ్యాంగం దాన్ని శాసనసభకే ఇచ్చింది. దేవరకొండ తండా నుంచి వచ్చిన లంబాడా ఉపాధ్యాయుడికి, నకిరేకల్ నుంచి వచ్చిన దళిత ఉపాధ్యాయుడికి ఖర్చు, పార్టీ టికెట్ అన్నీ కావలసిన ఎమ్మెల్యే దారే దిక్కు. ఇక మహిళలు. బడుల్లో వారి వాటా ఏటికేడు పెరుగుతోంది. పైన చెప్పిన స్థానంలో గెలిచిన నలుగురూ పురుషులే. సాయంత్రం బడి వదిలాక ఇంటికి చేరి వంట మొదలుపెట్టే మనిషి పన్నెండు జిల్లాల ప్రచారానికి, రాత్రి పది గంటల సంఘ సమావేశానికి ఎలా వెళ్తుంది? వెళ్లడానికి వీలుగా సంఘాలు తమ పనివేళలు మార్చుకున్న దాఖలా తక్కువ.

ప్రాథమిక ఉపాధ్యాయులకు ఓటు కావాలన్నది సంఘాలు ఏళ్లుగా అడుగుతున్నదే. రాజ్యాంగ సవరణ కావాలి, అది ఎక్కడ అవుతుందిలే అని చాలామంది వదిలేస్తారు. కానీ 171వ అధికరణ రెండో భాగం చదివితే పార్లమెంటు చట్టం ద్వారా వేరే విధంగా నిర్ణయించే వరకే ఈ కూర్పు అమల్లో ఉంటుందని ఉంది. అంటే మూడింట రెండు వంతుల మెజారిటీతో పనిలేదు, మామూలు చట్టం చాలు. మండలి ఉన్న రాష్ట్రాలు దేశంలో ఆరే. ఆ ఆరు రాష్ట్రాల ఎంపీలు గట్టిగా అడిగితే జరిగే పని. నల్లగొండ, భువనగిరి, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్ ఎంపీలకు ఉపాధ్యాయ సంఘాలు ఇచ్చే వినతిపత్రంలో సీపీఎస్ పక్కన ఈ ఒక్క వాక్యం కూడా చేరితే, బదులు చెప్పవలసిన మనిషి ఎవరో కనీసం తెలుస్తుంది.

2025 ఫిబ్రవరి 27న ఉపాధ్యాయ స్థానాలకు పోలింగు జరిగింది. మండల కేంద్రాల్లోని బడుల్లోనే కేంద్రాలు. ఇలాంటి పోలింగు విధులకు ఒక ఎస్‌జీటీ పడిందనుకుందాం. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆమె చేసే పని ఇదీ: జాబితాలో పేరు చూసి టిక్కు పెట్టడం, సంతకం తీసుకోవడం, మడత విప్పిన బ్యాలెట్ కాగితం, ఊదారంగు పెన్ను చేతికివ్వడం. వచ్చేవారిలో పక్క ఉన్నత పాఠశాలలో పనిచేసే స్కూల్ అసిస్టెంట్ ఉంటాడు. ఆయన బడిలో ఆరో తరగతికి వచ్చే పిల్లలు అయిదేళ్లు ఆమె దగ్గర చదివినవారే. ఆయన ఓటు వేసి, పెన్ను తిరిగి ఆమెకే ఇచ్చి వెళ్తాడు.